లాగ్‌లో లేదన్న మనిషి

అతన్ని ఆ ఆఫీసులో అందరూ తోక బాబాయ్ అంటారు. కంప్యూటర్లో ఏదైనా ఫైలు చివరి వరసలు మాత్రం చూపించే ఆదేశం ఒకటుంది. దాని ఇంగ్లీషు పేరుకి అర్థం తోక. అతను రోజుకి ఏ యాభైసార్లో ఆ ఆదేశం కొడతాడు. "పొద్దున్నే వచ్చి తోక పట్టుకుంటాడు, సాయంత్రం దాకా వదలడు" అని ఎలక్ట్రీషియను ఒకరోజు కంట్రోల్ రూములో అన్నాడు. అంతే, పేరు అతుక్కుపోయింది. చివరికి హెడ్డాఫీసు నుంచి ఫోను చేసేవాళ్లు కూడా "తోక గారున్నారా" అని అడగబోయి నాలిక్కరుచుకునేవాళ్లు.

అది ఊరికి నీళ్లందించే పంపింగ్ స్టేషను. ఇరవై నాలుగు పంపులు, తొమ్మిది ట్యాంకులు, వాటి మధ్య మనిషి మోకాలెత్తు వాల్వులు. ఒకప్పుడు ఆ వాల్వులు తిప్పడానికి ఇద్దరు మనుషులు చక్రం పట్టుకుని వేలాడేవాళ్లు. ఇప్పుడు కంట్రోల్ రూములో కూర్చున్న ఆపరేటరు తెర మీద బొమ్మ నొక్కితే చాలు, మోటారే తిప్పుతుంది. తెరకీ మోటారుకీ మధ్య ఉన్న ప్రోగ్రాము మన బాబాయ్ రాసిందే. సి భాషలో, ఇరవై వేల వరసల పైచిలుకు. ఎవరు ఏ వాల్వు ఎప్పుడు నొక్కారో, ఏ పంపు ఎప్పుడు ఆగిందో అది టైముతో సహా ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. దాన్నే లాగ్ అంటారు. ఊళ్లో నీళ్లు రాలేదని గొడవైనా, పైపు పగిలినా, ఇద్దరు మనుషులు నువ్వంటే నువ్వని తిట్టుకున్నా, చివరికి ఎవరో ఒకరు "బాబాయ్, లాగ్ తియ్" అనేవాళ్లు. అతను కళ్లజోడు సర్దుకుని, తియ్యగానే గొడవ సద్దుమణిగేది.

ఆ ఉద్యోగంలో చేరిన మూడో ఏట అతనికో దెబ్బ తగిలింది. అప్పట్లో లాగ్ అంతా ఒకే ఫైలు. రాసుకుంటూ పోవడమే గానీ ఎక్కడ ఆపాలన్న ఆలోచన అతనికి లేదు. ఆనాటి యంత్రం ఫైలు పొడవుని ముప్పై రెండు బిట్ల అంకెలో దాచుకునేది. రెండు గిగాబైట్లు దాటితే ఆ అంకెలో పట్టదు. ఒక మధ్యాహ్నం ఫైలు సరిగ్గా ఆ గీత దగ్గరికి చేరింది. ఇంకో వరస రాయబోయిన ప్రోగ్రాముని యంత్రం అక్కడికక్కడే ఆపేసింది. కంట్రోల్ రూములో తెరలన్నీ నల్లబడ్డాయి. నలభై నిమిషాల పాటు ఏ వాల్వు తెరిచుందో, ఏది మూసుందో ఎవరికీ తెలియలేదు. అప్పటి ఇంజనీరు అతన్ని పిలిపించి, ఊడ్చే ఆమె దగ్గర్నుంచి చూడ్డానికొచ్చిన అతిథుల దాకా అందరి ముందూ కడిగేశాడు. "నీకు రాయడం తెలుసు గానీ ఎక్కడ ఆపాలో తెలీదా? ఊరు గొంతెండి చచ్చేది కదయ్యా!" అన్నాడు. అతను తలెత్తలేదు. ఆ గది నేల మీద అడ్డంగా పద్నాలుగు పలకలున్నాయని ఇవాళ్టికీ అతనికి తెలుసు.

ఆ వారమే కూర్చుని ఫైళ్లు మార్చే పద్ధతి రాశాడు. ప్రతి వరసా రాశాక ప్రోగ్రాము ఫైలు పొడవు చూసుకుంటుంది. వంద మెగాబైట్లు నిండితే మూసేస్తుంది. తొమ్మిదో నంబరు ఫైలు చెరిపేస్తుంది, ఎనిమిదోదానికి తొమ్మిది అని పేరు పెడుతుంది, ఏడోదానికి ఎనిమిది, అలా వెనక నుంచి ముందుకి వస్తుంది. ముందు నుంచి మొదలుపెడితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. చివరికి ఇప్పుడే మూసిన ఫైలు ఒకటో నంబరవుతుంది, ఖాళీగా కొత్తది తెరుచుకుంటుంది. మొత్తం పది ఫైళ్లు, ఎప్పుడు చూసినా ఒక గిగాబైటుకి మించవు. మామూలుగా రోజుకి పాతిక మెగాబైట్లు రాస్తుంది గనక, ఎప్పుడు చూసినా వెనక్కి నలభై రోజుల చరిత్ర ఉండాలి.

అది రాశాక అతనికి పెద్ద ఫైళ్ల మీద ఒక అధికారం వచ్చినట్టయింది. కొత్తగా చేరిన ఒక ట్రైనీ ఇంజనీరమ్మాయి నాలుగు గిగాబైట్ల మీటర్ల ఫైలుని ఎడిటర్లో తెరవబోయి యంత్రం బిగుసుకుపోయేలా చేసినప్పుడు, అతను పక్కన కుర్చీ వేసుకుని నెమ్మదిగా చెప్పాడు. "బావిని గ్లాసుతో తోడుకోవాలమ్మా. బావినే ఎత్తి తాగబోతే ఎట్లా? కొంచెం చదువు, పని చూసుకో, వదిలెయ్, ఇంకొంచెం చదువు." ఆ అమ్మాయి ఈ మాట నోటుబుక్కులో రాసుకుంది. అతను రెండు రోజులు ఆ ఆనందంలోనే ఉన్నాడు.

రోజూ తొమ్మిదిన్నరకి రాగానే అతను చేసే మొదటి పని ఆ పది ఫైళ్లనీ చూసుకోవడం. అందుకో చిన్న ఆదేశం తయారుచేసుకున్నాడు. పేరు, పక్కన సైజు, అంతే. తేదీలు కనబడకుండా తీసేశాడు, తెర మీద గజిబిజిగా ఉందని. పదికి పది, ఒక్కోటీ వంద. ఒక్కసారి పైనుంచి కిందికి చూసి, టీకి వెళ్లేవాడు. ఫైలు ఎంత పెరిగిందన్నదే పంతొమ్మిదేళ్లుగా అతని భయం. అందులో ఎన్నాళ్ల చరిత్ర ఉందన్నది చూడాలని ఎప్పుడూ తట్టలేదు.

నాలుగు నెలల కిందట ఆరో పంపు దగ్గర ప్రెషరు రీడింగు పిచ్చిపిచ్చిగా వస్తుంటే, ఎందుకో తేల్చుకోవడానికి ప్రెషరు చదివే లూపులో, అంటే ప్రోగ్రాములో మళ్లీ మళ్లీ తిరిగే భాగంలో, ఒక వరస పెట్టాడు. చదివిన ప్రతి అంకెనీ లాగ్‌లో రాయమని. ఆ లూపు సెకనుకి వందసార్లు తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా ఎనిమిది ప్రెషరు మీటర్లు చదువుతుంది. సమస్య ఆ మధ్యాహ్నమే దొరికింది, వదులైన వైరు. ఎలక్ట్రీషియను బిగించాడు. ఇద్దరూ కలిసి టీ తాగారు. ఆ వరస మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ అంకెలు తోకలో అడ్డు రాకుండా పొద్దున్నే వడకట్టి పెట్టుకున్నాడు గనక మళ్లీ అతని కంటబడలేదు.

ఆ అంకెలే ఫైళ్లు నింపేస్తుంటే నలభై రోజుల చరిత్ర ఆరు గంటల చరిత్రగా కుంచించుకుపోయింది. పొద్దున్నే చూస్తే మాత్రం పదికి పది, ఒక్కోటీ వంద.

*

వాల్వుల కుర్చీలో పగటి షిఫ్టు చేసేది వదిన. ఆమె ఎవరికీ నిజంగా వదిన కాదు. ఎలక్ట్రీషియను ఏడిపించడానికి మొదలుపెడితే అందరూ పట్టుకున్నారు. పదిహేనేళ్ల సర్వీసు. బాబాయ్‌ని మాత్రం ఆమె అన్నయ్యా అనేది. తెలిసిన చుట్టం ఇంటికెళ్లినట్టు అతని గదిలోకి వచ్చి, "నీ ఫ్యాను గాలి బావుంటుంది అన్నయ్యా" అని కుర్చీ లాక్కుని టిఫిన్ డబ్బా తెరిచేది.

ఒక మంగళవారం పదకొండున్నర దాటాక నాలుగో ట్యాంకు పొంగింది. నీళ్లు వచ్చే వాల్వు మూయాల్సిన టైముకి మూసుకోలేదు. అదే సమయంలో రెండో పంపు ఆగిపోతే వదిన దృష్టంతా దాని మీద ఉంది. ట్యాంకు పొంగుతోందని రోడ్డు మీద పోయే ఎవరో ఫోను చేసేసరికి ఒంటిగంట. అప్పటికి వాలులో ఉన్న గ్రంథాలయం కింది అంతస్తులోకి మోకాల్లోతు నీళ్లెళ్లాయి. నాలుగు బీరువాల పుస్తకాలు ఉబ్బిపోయాయి. పిల్లల గదిలో బొమ్మల పుస్తకాలు నీళ్ల మీద తేలుతున్న ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది.

"పదకొండూ ఇరవైకి నేను మూసే బొమ్మ నొక్కాను" అంది వదిన. "నొక్కే రెండో పంపు వైపు తిరిగాను."

మోటారు విప్పి చూస్తే బాగానే ఉంది. వైర్లు బాగానే ఉన్నాయి. అంటే ఆమె నొక్కలేదని అనుకోవాలి. లేదా ఆమె నొక్కింది గానీ ఆ మాట వాల్వు దాకా చేరలేదు. ఏది నిజమో చెప్పగలిగేది ఒక్క లాగే. దాన్ని విచారణాధికారి ముందే తియ్యాలని హెడ్డాఫీసు అంది.

గురువారం పొద్దున హెడ్డాఫీసు నుంచి విచారణాధికారి వచ్చాడు. కంట్రోల్ రూములోనే కుర్చీలు వేశారు. ఇంజనీరు, ఎలక్ట్రీషియను, రెండు షిఫ్టుల ఆపరేటర్లు, అందరూ ఉన్నారు. వదిన గోడకానుకుని నిలబడింది. ముఖంలో కంగారు లేదు.

"ఎందుకీ హంగామా అంతా?" అన్నాడు ఎలక్ట్రీషియను. "బాబాయ్ లాగ్ తీస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మా వదిన నొక్కిందంటే నొక్కింది. తియ్ బాబాయ్."

"తియ్ అన్నయ్యా" అంది ఆమె కూడా. కొంచెం నవ్వింది.

అతను తన గదిలోకెళ్లి కూర్చున్నాడు. తొమ్మిదో ఫైలు, అంటే అన్నిటికన్నా పాతది, దాని మొదటి వరస అడిగాడు. తెర మీద పడిన తేదీ గురువారానిది. ఆ పొద్దున్నే నాలుగూ పదిది. అతను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ అడిగాడు. అదే. ఎనిమిదో ఫైలు తెరిచాడు, ఏడోది తెరిచాడు. కిందికి జరిపిన కొద్దీ ప్రెషరు, ప్రెషరు, ప్రెషరు. నాలుగు వందల పన్నెండు, నాలుగు వందల పదకొండు, నాలుగు వందల పన్నెండు. చీమల బారులాగా. మంగళవారం ఎక్కడా లేదు. బుధవారం కూడా లేదు.

ప్రోగ్రాము తెరిచి ఆ లూపు దగ్గరికి వెళ్లాడు. ఆ వరస పక్కన తన చేత్తోనే రాసుకున్న గుర్తు ఉంది: "సాయంత్రం తీసేయాలి." తేదీ నాలుగు నెలల కిందటిది.

గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది గానీ వీపంతా తడిసిపోయింది. తలుపు అవతల ఎలక్ట్రీషియను ఎవరితోనో జోకేస్తున్నాడు. బయటికెళ్లి "లాగ్ పోయింది, నా తప్పు వల్ల పోయింది" అనాలి. మొత్తం పది మాటలు కూడా కావు. అతను లేచి తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఒకవేళ ఆమె నిజంగానే నొక్కలేదేమో అనుకున్నాడు. అలా అనుకోగానే కాస్త ఊపిరాడింది. ఆ ఆలోచన తనకెందుకంత హాయిగా అనిపించిందో అప్పుడు తనని తాను అడగలేదు.

బయటికొచ్చాడు. అందరూ చూశారు.

"మంగళవారం పదకొండూ ఇరవైకి వాల్వు మూసినట్టు లాగ్‌లో ఏమీ లేదండి" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. మంగళవారమే లేనప్పుడు పదకొండూ ఇరవై ఎక్కడుంటుంది! విచారణాధికారి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకున్నాడు. ఇంజనీరు తలూపాడు. వదిన గోడ నుంచి ఇవతలికొచ్చింది.

"సరిగ్గా చూశావా అన్నయ్యా?"

"చూశాను."

"ఇంకోసారి చూడవా?"

"చూశానమ్మా" అన్నాడు నేలకేసి చూస్తూ.

వాళ్లు భోజనాలకి వెళ్లగానే ఆ వరస తీసేసి, కంపైల్ చేసి, ప్రోగ్రాముని మళ్లీ నడిపించాడు. పది నిమిషాల పని.

*

వదినకి మందలింపు ఉత్తరం ఇచ్చి, కంట్రోల్ రూము నుంచి తీసేసి ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ గదిలో ఆరు ఫోన్లు, కిటికీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నీళ్లు రాలేదని, మురికిగా వస్తున్నాయని తిడుతుంటే, అవుననాలి, రాసుకోవాలి. ట్యాంకులన్నిటి మట్టాలూ బుర్రలో పెట్టుకుని తిరిగిన మనిషి.

బాబాయ్ ఆ వైపు నడవాలో వెళ్లడం మానేసి, చుట్టు తిరిగి మెట్ల దారిన వెళ్లడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే మోకాళ్లకి వ్యాయామం అనేవాడు. "మెట్లెక్కితే మోకాళ్లు అరుగుతాయి గానీ బాగుపడతాయా?" అన్నాడు ఎలక్ట్రీషియను. అతను నవ్వలేదు. ఇంట్లో కూడా అంతే. కూర మాడితే మాడిందని చెప్పడు, పిలిస్తే రెండోసారికి గానీ పలకడు. "ఆఫీసులో ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని భార్య అడిగింది. "నన్నెవరంటారు?" అన్నాడు. అదే అసలు బాధ, ఎవరూ ఏమీ అనడం లేదు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు క్యాంటీన్లో అతను ప్లేటు పట్టుకుని తిరిగేసరికి ఎదురుగా వదిన. తప్పించుకునే సందు లేదు. ఎదురుగా కూర్చుంది. బాగా చిక్కింది.

"కనబడటమే మానేశావేంటి అన్నయ్యా?"

"పని ఎక్కువగా ఉందమ్మా."

"నీతో ఒక మాట చెప్పాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నా." చెంచాతో అన్నం అటూ ఇటూ కదిపింది. "ఆలోచించగా ఆలోచించగా, నేను నొక్కలేదేమో అనిపిస్తోంది. చెయ్యి బొమ్మ మీదికి వెళ్లడం గుర్తుంది. నొక్కడం కూడా గుర్తున్నట్టే ఉంటుంది. కానీ లాగ్ అబద్ధం చెప్పదు కదా. అది రాయలేదంటే నేను నొక్కలేదన్నమాటే. అంతసేపూ నొక్కానని అందరితో వాదించాను చూడు, ఎంత మొండిదాన్నో!"

అతను కలిపిన ముద్ద ప్లేట్లోనే వదిలేశాడు.

"అందరూ నా మొహం చూసి జాలిగా మాట్లాడారు. నువ్వొక్కడివే ఉన్నదున్నట్టు చెప్పావు. అది నాకు మంచే చేసింది. లేకపోతే ఇప్పటికీ వైర్లనీ మోటార్లనీ ఆడిపోసుకుంటూ ఉండేదాన్ని." లేస్తూ అతని ప్లేటు వైపు చూసింది. "తినవేంటి? ఉప్పు లేదా?"

ఆ రోజు అతను సగం పూటకే సెలవు పెట్టి ఇంటికెళ్లాడు. కూతురు ఇంట్లోనే ఉంది. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఆమె టెక్నీషియను. బట్టలు మడతపెడుతోంది. ఒంట్లో బాగాలేదా అంది. బాగానే ఉందన్నాడు. పక్కన కూర్చుని అడిగాడు.

"మీ ల్యాబులో ఎవరి రక్తమైనా పరీక్ష చెయ్యకముందే ఒలికిపోయిందనుకో. సీసా పగిలింది. అప్పుడేం చేస్తారు?"

"శాంపిల్ పోయింది, మళ్లీ పంపండి అని రాస్తాం."

"జబ్బు లేదని రాయరా?"

ఆమె మడతపెడుతున్న చొక్కా అలాగే పట్టుకుని చూసింది. "పోయినదానికి లేదని ఎట్లా రాస్తాం నాన్నా? అట్లా రాస్తే మనిషి చచ్చిపోడూ?" అంతలోనే నవ్వింది. "మా దగ్గర ఎవరైనా అలా రాస్తే చెప్పుతో కొడతారు. ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు ఇట్లాంటివి" అంది ఆమె. అతను లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. పెరటి కుళాయి తిప్పి వదిలేసి, నీళ్లు బకెట్లోంచి పొర్లుతున్నా చూస్తూ నిలబడ్డాడు. భార్య వచ్చి కట్టేసింది.

*

మర్నాడు కాగితం రాసుకెళ్లాడు. నాలుగు వాక్యాలు. మంగళవారం లాగ్ విచారణ నాటికే లేదని, తను వదిలేసిన ఒక వరస వల్ల చెరిగిపోయిందని, ఆ సంగతి తెలిసే విచారణలో దాచానని, ఆపరేటరు నొక్కలేదనడానికి తన దగ్గర ఏ ఆధారమూ ఎప్పుడూ లేదని. ముందు వదిన దగ్గరికి వెళ్లాలని తెలుసు. కాళ్లు రాలేదు. కాగితానికైతే కళ్లుండవు కదా అని ఇంజనీరు గదికెళ్లాడు.

ఇంజనీరు రెండుసార్లు చదివాడు.

"మూడు నెలల తర్వాతా?"

"అవునండి."

"నీ మాట మీదే కదయ్యా నేను సంతకం పెట్టింది! ఫైలు మూసేశారు. ఇప్పుడు నువ్వు ఇది ఇస్తే ఆవిడ నొక్కిందని తేలుతుందా?"

"తేలదండి."

"మరెందుకు?"

"నొక్కలేదని కూడా తేలదండి."

ఇంజనీరు కాగితాన్ని బల్ల మీద అతని వైపు తోశాడు. "చూడు, నీకింకా ఎనిమిదేళ్ల సర్వీసు మిగిలుంది. మంచి పేరుంది. ఆవిడకి కూడా ఇప్పుడు అలవాటైపోయింది. తీసుకెళ్లు దీన్ని. నేను చూడలేదు, నువ్వు ఇవ్వలేదు."

అతను కాగితం తీసుకోలేదు. తీసుకోకుండా నిలబడటానికే ఉన్న సత్తువంతా పోయింది. "ఇన్‌వర్డులో నంబరు వేయించే తెచ్చానండి" అన్నాడు. ఇంజనీరు పైన కుడి మూల చూశాడు. ఆఫీసుకి అందిన కాగితంగా అప్పటికే నమోదైనట్టు నీలం ముద్ర ఉంది. గట్టిగా ఊపిరి వదిలి, "వెళ్లు" అన్నాడు.

ఆఫీసులో సంగతి పొక్కడానికి గంట పట్టలేదు. టీ టైముకి వదిన అతని గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"నిజమేనా?"

"నిజమేనమ్మా."

"లాగే లేదా?"

"లేదు."

"ఆ రోజు ఇంకోసారి చూడవా అని అడిగాను. చూశానన్నారు."

అన్నయ్యా అన్న మాట లేకపోవడం, మీరు అనడం, రెండూ అతనికి వినబడ్డాయి. "నా పరువు పోతుందని..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

"ఉద్యోగం సంగతి వదిలెయ్యండి. తిట్లు తిన్నాను, అదీ వదిలెయ్యండి." ఆమె గొంతు పెరగలేదు. "రోజూ తలుపు తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొస్తున్నాను, వేశానో లేదో అని. పొయ్యి కట్టేసి, మళ్లీ లేచి వెళ్లి చూస్తున్నాను, మళ్లీ చూస్తున్నాను. మా ఆయన డాక్టరు దగ్గరికి పద అంటున్నాడు. నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది. క్యాంటీన్లో మీకు దండం కూడా పెట్టినంత పని చేశాను. అప్పుడైనా చెప్పలేకపోయారా?"

"చెప్పాల్సింది."

"ఇప్పుడు చెప్పండి, నేను నొక్కానా?"

"నాకు తెలీదమ్మా. ఇక ఎవరికీ తెలీదు."

ఆమె తలుపు చెక్క మీంచి చెయ్యి తీసేసింది. అరిచినా బాగుండునని అతనికి అనిపించింది. ఆమె అరవకుండా వెళ్లిపోయింది.

నెలన్నరకి ఉత్తర్వులు వచ్చాయి. వదిన మీద మందలింపు తీసేశారు, "నిర్ధారణ కాలేదు" అని రాశారు. ఆ మందలింపు అతని సర్వీసు పుస్తకంలోకి మారింది, ఒక మెట్టు కిందికి దింపారు. ఇంజనీరు అతనితో కాగితాల మీద తప్ప మాట్లాడటం మానేశాడు. అతను పొద్దున చూసుకునే ఆదేశం మార్చేసుకున్నాడు. సైజులు తీసేసి, అన్నిటికన్నా పాత వరస తేదీ ఏదో, ఇవాళ్టికి ఎన్ని రోజుల చరిత్ర ఉందో చెప్పేలా పెట్టాడు. ముప్పై కన్నా తగ్గితే కంట్రోల్ రూములో ఎర్ర దీపం వెలుగుతుంది, అతని గదిలో కాదు. ఈ సంగతి వదినకి ఎవరో చెప్పారు. "అలాగా" అందట.

ఆమెని మళ్లీ వాల్వుల కుర్చీకి వేశారు. ఆమె వెంటనే రాలేదు. ఒక షరతు పెట్టింది. దాన్ని ఎలక్ట్రీషియను మోసుకొచ్చాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనకుండా ఉండలేని మనిషి, ఆ రోజు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆ మాట ఎక్కడన్నావో అక్కడే చెప్పాలంట బాబాయ్. కంట్రోల్ రూములో. రెండు షిఫ్టులూ ఉన్నప్పుడు."

"కాగితం ఇచ్చాను కదా."

"కాగితం ఇంజనీరు చదివాడంట. ఆ రోజు విన్నవాళ్లు చదవలేదంట." ఎలక్ట్రీషియను వెళ్లబోయి ఆగాడు. "నన్నడిగితే న్యాయమే."

సోమవారం మధ్యాహ్నం రెండింటికి, షిఫ్టులు మారే వేళకి, అతను కంట్రోల్ రూములోకి వెళ్లాడు. ఆపరేటర్లు, ఎలక్ట్రీషియను, ట్రైనీ అమ్మాయి, ఇంకా ఎందుకొచ్చారో తెలియని ఇద్దరు ముగ్గురు. వదిన ఆ రోజే వచ్చి తన పాత కుర్చీలో అటు తిరిగి తెర వైపు చూస్తోంది. అతను ఆమెకీ గోడకీ మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక తెర అంచుకి అడ్డంగా నిలబడ్డాడు.

చెప్పాడు. లాగ్ లేదని, తన వల్లే పోయిందని, ఆమె నొక్కలేదని తను చెప్పకుండానే అందరూ అలా అనుకునేలా చెప్పానని, అది తెలిసే చేశానని. చివరి మాటలు నేలకేసి చూస్తూ గొణిగాడు. ట్రైనీ అమ్మాయి తల దించుకుంది, అతను చూశాడు.

వదిన కుర్చీ ఇటు తిప్పింది.

"ఇంకోసారి చెప్పండి. వెనకాల వాళ్లకి వినబడలేదు."

అతను ఇంకోసారి చెప్పాడు. ఈసారి అన్ని మాటలూ వినబడ్డాయి.

మూడో ట్యాంకు నిండుతున్నట్టు తెర మీద పసుపు గుర్తు మొదలైంది. వదిన అటు తిరిగి చెయ్యి చాపింది.

"పక్కకి జరగండి" అంది. "తెర కనబడట్లేదు."